గంట టేపుకు గంట

ఈ ఉదయం గిద్దలూరులో నా గదికి ఒకాయన పాత హ్యాండీక్యామ్ తెచ్చిచ్చాడు. క్యాసెట్ పెట్టి మూత నొక్కగానే అది సన్నగా కిర్రుమంటూ టేపును లోపలికి లాక్కుంది. కాసేపటికి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది, పక్క కుర్చీలో నాకు ఈ పని నేర్పిన జైనబ్ ఆపా కూర్చుని ఉన్నట్టే ఉంటుంది.

మార్కాపురంలో ఆమెకు చిన్న వీడియో దుకాణం ఉండేది. భర్త ఖాసిం గారు పెళ్లిళ్లు తీసేవారు. ఆయన పోయాక కెమెరా పని ఆగిపోయి, జనం బీరువాల్లో మిగిలిపోయిన డిజిటల్ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మాత్రం ఆమె చేసేది. నేను డిగ్రీ మధ్యలో మానేసి, శాఖా గ్రంథాలయంలో ఉన్న కంప్యూటర్ పుస్తకాలన్నీ చదివేసి ఆమె దగ్గర చేరాను. మొదటి రోజే నా చదువు చూపిద్దామని మూడు రంగుల పిన్నుల వైరు తీశాను. ఆమె దాన్ని నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. టేపు మీద ఉన్నవి అంకెలనీ, ఈ వైరులో అవి బొమ్మగా మారి మళ్లీ అంకెలవుతాయనీ, ఆ మారడంలోనే కొంత పోతుందనీ చెప్పి, ఫైర్‌వైర్ తీగ తగిలించింది. అందులో అంకెలు అంకెలుగానే దిగుతాయి. దానికోసమే ఆ పాత కంప్యూటర్‌ను మార్చకుండా ఉంచుకుంది. గంట టేపుకు గంట పడుతుంది, పదమూడు జీబీ తింటుంది. ఆ గంటసేపూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని పక్కనే కూర్చోవాలి. ఈ చివరి నియమం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మిషను చూసుకుంటుంది కదా, మనమెందుకని అడిగాను.

“అంతసేపు అది ఒక్కటే తిరగాల్నా? కూసో బేటీ,” అంది.

ఒక మిట్టమధ్యాహ్నం, ఎండకు షట్టరు సగం దించుకుని, దోర్నాల వాళ్ల పెళ్లి టేపు ఎక్కిస్తున్నాను. తెరమీద పెళ్లికూతురు ఒక్కతే అద్దం ముందు కూర్చుంది. మాటలేమీ లేవు. అప్పుడు నా చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చారు. పొడవుగా పీల్చి, చివర సన్నటి ఈలతో వదిలారు. తిరిగి చూస్తే ఆపా తన హెడ్‌ఫోన్లతో కాస్త దూరంగా గోరుచిక్కుళ్లు తుంచుకుంటోంది. తర్వాతి వారం కనిగిరి వాళ్ల టేపులో అదే ఊపిరి వినబడింది. ఇల్లు వేరు, ఏడాది వేరు, ఈల మాత్రం అదే. రాత్రి నిద్రపట్టక, తెల్లవారి లైబ్రరీకి పోయి వెతికితే మైకు నుంచి వచ్చే రొద గురించి ఒక అధ్యాయం దొరికింది. ప్రాణం కుదుటపడింది. ఆ రొదను సాఫ్ట్‌వేర్‌తో తీసేయవచ్చని ఆపాకు గర్వంగా చెప్పాను. ఆమె తలెత్తలేదు.

“నీకిచ్చింది ఎక్కించే పని. కడిగే పని గాదు.”

ఆమె రెండు రోజులు బంధువుల ఇంటికి కనిగిరి వెళ్లినప్పుడు రాచర్ల నుంచి తిరుపతయ్య అనే గొర్రెల కాపరి వచ్చాడు. ఈమధ్యే చనిపోయిన వాళ్లమ్మ గొంతు, చెల్లెలి పెళ్లి టేపులో తప్ప ఎక్కడా లేదు. ఎక్కించడం పూర్తయింది కానీ, బయటికి తీసేటప్పుడు టేపు కెమెరాలో చుట్టుకుని నలిగి తెగింది. ఫైలు ఉంది కదా అని ధైర్యం చెప్పి వినిపించాను.

“మా యమ్మ మాట్లాడేటప్పుడు ఎవరో బుస కొడతాండారు. అది తీసేయరాదా చెల్లే,” అన్నాడు.

ఊపిరి తప్ప మరేమీ వినబడని చోటు వెతికి, ఇదీ రొద అని సాఫ్ట్‌వేర్‌కు నమూనా చూపించాను. అది గంట పొడవునా వెతికి తుడిచేసింది. వాళ్లమ్మ గొంతు పైకి తేలింది. అతను కళ్లు తుడుచుకుని, తెగిన క్యాసెట్ అక్కడే వదిలి, ఫైలు పట్టుకుని పోయాడు. డిస్కులో చోటు లేక అసలు ఫైలు చెరిపేసి, నేను శుభ్రం చేసినదాన్ని మాత్రం ఆపాకు చూపిద్దామని ఉంచాను.

ఆపా రాగానే క్యాసెట్ మీద భర్త చేతిరాత చూసి నిలబడిపోయింది.

“ఇది ఆయన తీసిన ఆఖరు పెళ్లి,” అంది. “అసలు ఫైలు ఉందా?”

లేదన్నాను. ఆమె తిట్టలేదు. కెమెరా పట్టక ముందు ఆయన ఏళ్లకేళ్లు పలకల కార్ఖానాలో పనిచేశారని, ఆ దుమ్ము రొమ్ములో మిగిలి ఈలవేసేదని చెప్పింది. కెమెరా పట్టినవాడు బొమ్మలో పడడు. తీసేటప్పుడు మాట్లాడే అలవాటూ లేదు. ఆయనవని మిగిలినవి పరాయి పెళ్లిళ్లలో పడ్డ ఆ ఊపిర్లే. ఆపా ఎవరి టేపు వాళ్లకు నకలు ఉంచుకోకుండా ఇచ్చేసే మనిషి కాబట్టి, ప్రతి టేపునూ ఎక్కించే ఆ గంటలో ఒక్కసారే వినేది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని నా ఫైలు వేయమంది. రెండో జత నేను పెట్టుకున్నాను. అప్పుడు వినిపించింది, అంతకుముందు నేను గమనించనిది. ఊపిరి ఉండిన చోటల్లా సన్నాయి, జనం, పిల్లల ఏడుపు, అన్నీ కొంచెం కుంగి మళ్లీ లేస్తున్నాయి. నాలుగు లెక్కపెట్టేలోపు ఒకసారి. మనిషి లేడు, మనిషంత గుంట ఒకటి పెళ్లంతా తిరుగుతోంది. తిరుపతయ్య తల్లి అక్షింతలు వేస్తుంటే ఆమె వెనకే ఉంది. ఆపేద్దామని ఆపా వైపు తిరిగాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది. శబ్దం కుంగినప్పుడల్లా ఊపిరి పీలుస్తోంది, లేచినప్పుడల్లా వదులుతోంది. గంటసేపు ఒక్కటీ తప్పలేదు.

“శానా కడిగినావు బేటీ,” అంది చివరికి. “అయినా పోలేదు.”

ఆపా ఇప్పుడు లేదు. నేను శుభ్రం చేయాల్సి వస్తే నకలు మీదే చేస్తాను. ముందుగా, ఈ పెళ్లి ఎవరు తీశారని అడుగుతాను. చాలామందికి పేరు గుర్తుండదు. కొందరు ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని చెబుతారు, క్యాసెట్ పేరు పక్కన ఆ పేరు కూడా రాస్తాను. గంటసేపు పక్కనే కూర్చుంటాను. చూస్తున్నవాళ్లు నా ఊపిరి విని ఉబ్బసమా అని అడుగుతుంటారు. డాక్టరు పరీక్షించి ఏమీ లేదన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడే మొదలవుతుంది, నాలుగు లెక్కపెట్టేలోపు ఒకసారి, చివర సన్నటి ఈలతో. టేపు నిలిచాక ఇంకో రెండు మూడుసార్లు వచ్చి, ఆ తర్వాతే నా ఊపిరి నాదవుతుంది.