మా ఇంట్లో ఇద్దరు పదో తరగతి

నేను పదో తరగతి చదివిన ఏడాదే మా అమ్మ కూడా పదో తరగతి చదివింది. ఈ మాట ఎవరితో అన్నా ముచ్చటపడిపోతారు. అలా ముచ్చటపడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఏడాది వాళ్లెవరూ మా ఇంట్లో లేరు.

భీమడోలు నుంచి కొల్లేటి వైపు వస్తే చేపల చెరువుల మధ్య ఉంటుంది మా ఊరు. నాన్నకి కలిదిండి దగ్గర చెరువుల మీద పని. వారానికోసారి వచ్చి, కడుపునిండా తిని, నిద్రపోయి, వెళ్లిపోయేవాడు. అమ్మ ఊళ్లో అంగన్‌వాడీలో ఆయా. ఊడవడం, వండడం, పిల్లల ముక్కులు తుడవడం ఆమె పని. అక్కడి టీచరుగారు వచ్చే వేసవికి రిటైరవుతున్నారు. ఆయా పదో తరగతి పాసైతే ఆ పోస్టుకి అడగొచ్చని సూపర్‌వైజర్ మేడం ఏదో మీటింగులో చెప్పింది. తొమ్మిదితో చదువాపేసి ఇరవై ఏళ్లు దాటిన మా అమ్మ, ఆ సాయంత్రమే ఓపెన్ స్కూల్లో చేరడానికి ఎవర్ని కలవాలో కనుక్కుని మరీ ఇంటికొచ్చింది.

ఓపెన్ స్కూలు పుస్తకాలు సమయానికి రాలేదు. ఆదివారం క్లాసుకని భీమడోలు వెళ్తే, "వస్తాయమ్మా, ఈలోపు మీ పిల్లల పుస్తకాలు చూసుకోండి" అన్నాడట అక్కడి మాస్టారు. పిల్లల పుస్తకాలంటే నావే, ఇంట్లో ఇంకెవరూ లేరు కదా.

మా పుస్తకాల్లో పాఠం రెండు భాషల్లో ఉంటుంది. ఎడమ పేజీలో ఇంగ్లీషు, దానికెదురుగా కుడి పేజీలో అదే పాఠం తెలుగులో. నాది ఇంగ్లీషు మీడియం, అమ్మది తెలుగు. కాబట్టి ఒక్క పుస్తకం ఇద్దరికీ సరిపోతుందని అమ్మ తేల్చేసింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మంచం మీద ఎడమవైపు నేను, కుడివైపు ఆమె, మధ్యలో సాంఘికశాస్త్రం. నేను పేజీ తిప్పబోతే అరచెయ్యి అడ్డం పెట్టేది. "ఆగమ్మా, ఇంకా నాలుగు లైన్లు" అనేది. ఆ నాలుగు లైన్లూ వేలు పెట్టి, పైకి, కూడబలుక్కుంటూ చదివేది. ఆమె గొంతు చెవిలో పడుతుంటే నా కళ్లు ఇంగ్లీషు మీద నిలిచేవి కావు.

పోనీ చదివి ఊరుకుంటుందా అంటే, ప్రశ్నలు. యూరప్‌లో చిన్న చిన్న రాజ్యాలన్నీ కలిసి దేశాలయ్యాయన్న పాఠం దగ్గర ఆగిపోయి, "మొన్నటిదాకా కలిదిండి కృష్ణా జిల్లా అన్నారు, ఇప్పుడు ఏలూరు అంటున్నారు, అది ఇందులో లేదేంటే?" అంది. లేదన్నాను. ఎందుకు లేదంది. పుస్తకం రాసినవాళ్లని అడగమన్నాను. ఇంగ్లీషు ఇంకా ఘోరం. ఒక్క క్రియకి మూడు రూపాలెందుకని నాతో వాదన పెట్టుకునేది, నేనేదో వాటిని తయారుచేసి ఆమె మీదికి తోలినట్టు. తెలుగు పద్యాలు మాత్రం గిన్నెలు తోముతూ తోముతూ నాకంటే ముందు కంఠతా పట్టేసింది. నాకు రాని పద్యం మా పెరట్లోంచి వీధిలోకి వినపడుతుంటే ఎంత కసిగా ఉండేదో చెప్పలేను.

స్కూల్లో నేను ఫస్టు రాంకు పిల్లని కాదు. అయినా చదువు ఒక్కటే నాదనుకున్నాను. బట్టలు పెద్దమ్మ కూతురివి, సైకిలు నాన్న పాతది, చదువు మాత్రం నాది. అందులోకి కూడా అమ్మ వచ్చి కూర్చుంది.

చలికాలంలో పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్ పెట్టారు. చీకటి పడుతుందని ఆ రోజుల్లో సైకిలు మాని ఆటోలో తిరిగేదాన్ని. ఒక శుక్రవారం సైన్సు సారు పాఠం చెబుతుండగా గుమ్మంలో మా అమ్మ. భుజాన సంచి, చేతిలో నోటుబుక్కు. "డౌట్లున్నాయండి, ఓ పది నిమిషాలు అడగొచ్చాండి" అంది. సారు మంచాయన. "లోపలికి రండమ్మా, చివర బెంచీ మీద కూర్చోండి, క్లాసు అయ్యాక చూద్దాం" అన్నాడు. నలభైమంది తలలూ నా వైపు తిరిగాయి.

ఆమ్లాలు, క్షారాల పాఠం. నీళ్లలో పీహెచ్ బాగా తగ్గిపోతే రైతు ఏం చేస్తాడని అడిగి సారు నన్నే నిలబెట్టాడు. నాకు వాక్యం తెలుసు, ఇంగ్లీషులో. మొదటి మాట గుర్తుకొస్తే మిగతాది దానంతటదే వచ్చేది. ఆ మొదటి మాట రావడం లేదు. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"సున్నం చల్లుతారండీ. తెల్లారగట్ల కొలిస్తే ఒకలాగ, మధ్యాహ్నం కొలిస్తే ఒకలాగ ఉంటుందండి పీహెచ్. మా ఇంట్లోవారు రెండుపూటలా చూస్తారండి."

సారు మొహం వెలిగిపోయింది. "అదీ. పుస్తకంలో లేనిది కూడా చెప్పారమ్మా మీరు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "కూర్చో. ఇంట్లోనే టీచర్ని పెట్టుకుని నోరు తెరవ్వేంటి?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇంటికెళ్లే ఆటోలో మా క్లాసువాడొకడు అచ్చం అమ్మ గొంతుతో "సున్నం చల్లుతారండీ" అన్నాడు. అమ్మ ముందు సీట్లోనే ఉంది. విని, వాడితోపాటు నవ్వింది. అది మాత్రం నేను భరించలేకపోయాను.

ఇంటికొచ్చాక పుస్తకం తీసి, కుడి పేజీలో పీహెచ్ గురించి ఉన్న చోట పెన్సిలుతో గీత గీసుకుంది. పైన చిన్న టిక్కు కూడా పెట్టుకుంది. ఆ పేజీ మొత్తం తనకొచ్చని గుర్తన్నమాట. స్నానానికని పెరట్లోకెళ్లింది. నేను ఆ కాగితం పట్టుకుని ఒక్క లాగు లాగాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అదే. తెలుగు పేజీ పోతే నాకేం నష్టం అనుకున్నాను. చేతిలోకొచ్చిన కాగితం తిప్పి చూస్తే వెనకవైపు నా ఇంగ్లీషు. తర్వాతి పేజీ పాఠం మొత్తం. పుస్తకం ఏడాదంతా నా ఒళ్లోనే ఉంది, ఆమె పేజీ వీపు మీద నా పేజీ ఉంటుందని తెలియనిదాన్ని కాదు. కోపంలో అది గుర్తులేదు. ఉండ చుట్టి ఇంటి వెనక బోదె కాలవలోకి విసిరాను. అది మునగలేదు. గుర్రపుడెక్కలో ఇరుక్కుపోతే కర్రతో లోపలికి తోశాను.

మర్నాడు రెండో శనివారం. నాకు సెలవు, అంగన్‌వాడీకి లేదు. నాకు స్కూలు లేనిరోజు పుస్తకం ఆమెది అని మా ఒప్పందం. నేను లేచేసరికే అమ్మ పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం వచ్చి సంచి కూడా దించకుండా గుమ్మంలో కూర్చుంది.

"ఓ పిల్లని కొట్టానే" అంది.

మా అమ్మ నన్ను తప్ప ఏ పిల్లనీ కొట్టి ఎరగదు. ఏమైందని అడిగాను. పొద్దున్న ఒక నాలుగేళ్ల పిల్ల బొమ్మల కోసం పుస్తకం తిప్పుతూ కూర్చుందట. భోజనాలయ్యాక, పిల్లలు పడుకునే వేళ అమ్మ తీసి చూస్తే పేజీ లేదు, చింపిన పీలిక మాత్రం ఉంది. పరీక్షకి ఇంకెంతో టైము లేదు, నిన్ననే వచ్చిన పాఠం, చెయ్యి లేచిపోయిందట. "నేను కాదు నేను కాదు అంటానే ఉంది. అబద్ధం ఆడుతున్నావా అని రెండోది కూడా వేశాను" అంది.

అప్పుడు చెప్పొచ్చు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. చెబితే నాకు రెండు పడేవి, అంతకంటే ఏమీ అయ్యేది కాదు.

"నీ పుస్తకం పాడైపోయింది, నాదే తప్పమ్మా. అక్కడికి తీసుకెళ్లాల్సింది కాదు" అంది. నేనేమన్నానంటే, "మరి నేను పరీక్ష ఎలా రాయాలి ఇప్పుడు?" అన్నాను. ఏడ్చాను కూడా. సోమవారం స్నేహితురాలి పుస్తకం ఫోన్లో ఫోటో తీసుకున్నాను. రెండు పేజీలూ దొరికాయి. అమ్మ ఆ తెలుగు పేజీని ఫోన్లో చూసుకుంటూ మొత్తం నోటుబుక్కులో ఎక్కించుకుంది. చదువు సంగతి అంతటితో సరిపోయింది. ఇద్దరిలో ఎవరికీ ఒక్క మార్కు నష్టం లేదు.

పిల్ల సంగతి అంతటితో పోలేదు. ఆ సోమవారమే దాని నాయనమ్మ అంగన్‌వాడీకి వచ్చిందట. అరవలేదు, తిట్టలేదు. "ఏవండీ ఆయాగారూ, మా పిల్ల కాగితం చింపితే మాతో చెప్పాలండి. చెయ్యి చేసుకోడానికి మీరెవరండి?" అని అడిగి, పిల్లని తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ పంపలేదు. తర్వాత సూపర్‌వైజర్ మేడం వచ్చి అమ్మచేత సంజాయిషీ రాయించుకుంది. అమ్మ అందులో తప్పు తనదేనని రాసింది, ఆ ఏడాది నేర్చుకున్న గుండ్రటి అక్షరాల్లో.

ఇద్దరం పాసయ్యాం. అమ్మకి సైన్సులో అన్నిటికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. టీచరు పోస్టు మాత్రం పక్క ఊరి కోడలికి ఇచ్చారు. మేడం మొహమాటం లేకుండా చెప్పింది: "పిల్లని కొట్టిందని కాగితం ఉంటే నేనెలా రాయనమ్మా నీ పేరు?"

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు జాలి వెయ్యలేదు. హమ్మయ్య అనిపించింది. ఇక నా పుస్తకాల మీద ఎవరి అరచెయ్యీ పడదనుకున్నాను. ఇంటర్లో చేరాను, ఇప్పుడు తాడేపల్లిగూడెంలో డిగ్రీ. అమ్మ అక్కడే ఆయాగా ఉంది. తనకంటే పదిహేనేళ్లు చిన్నదాన్ని "టీచరుగారండీ, పప్పు దించమంటారా" అని అడుగుతుంది.

మొన్న వర్షాల్లో ఇంటికెళ్లినప్పుడు అమ్మ ఫోన్లో నాన్నతో అంటోంది: "నా చేతి దురుసు వల్ల పోయింది. ఎవర్నని ఏం లాభం?" ఆ మాట అంతకుముందు కూడా విన్నాను, చాలాసార్లు. ఆరోజు మాత్రం తట్టుకోలేకపోయాను. ఫోన్ పెట్టేశాక చెప్పేశాను. ఆ పేజీ చింపింది నేనే, బోదెలో పారేసింది నేనే అని.

ఉద్యోగం మాట ఎత్తుతుందనుకున్నాను. తిట్టడానికి ఆమెకి కావలసినంత ఉంది.

"కాదు కాదంటానే ఉంది ఆ పిల్ల" అంది. "నేను వినలేదు. కొట్టానని ఇంటికొచ్చి చెప్పాను కదే నీతో. అప్పుడైనా నోరు విప్పాల్సింది."

"తప్పే అమ్మా" అన్నాను.

"నాతో కాదు. వాళ్లింటికెళ్లి చెప్పు. నాయనమ్మ ముందు, పిల్ల ముందు. చింపింది నేను, దెబ్బలు తిన్నది నువ్వు అని చెప్పు."

ఆ ఇల్లు మాకు మూడు వీధుల అవతల. పిల్ల ఇప్పుడు మూడో తరగతి. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ వీధి మొదటిదాకా వెళ్లి తిరిగి వచ్చేస్తున్నాను. నాయనమ్మ అరుగు మీదే కూర్చుని ఉంటుంది. ఆవిడ ఎంత మర్యాదగా మాట్లాడుతుందో నాకు తెలుసు.

అమ్మ తిట్టదు. గూడెం నుంచి వచ్చి నేను కాళ్లు కడుక్కునేసరికి కంచం పెడుతుంది, కూర వేస్తుంది, ఎదురుగా కూర్చుంటుంది. "వెళ్లావా?" అని అడుగుతుంది.

లేదంటాను. లేచి లోపలికి వెళ్లిపోతుంది. నేనొక్కదాన్నే తింటాను.