జీపులో ముందు సీటు

మొదటి వాన పడగానే తన జీపులో కర్ణాటకలోని మలెనాడు వానడవులకు తీసుకుపోతానని, ముందు సీటు నాదేనని మా షడ్డకుడు ముప్పై ఏళ్ల కిందట మాట ఇచ్చాడు. వాన పడింది. జీపు పోయింది. ముందు సీట్లో వేరే మనిషి కూర్చున్నాడు. ఆ షడ్డకుడు పోయిన నెల నాగల్‌గిద్దలో తన ఇంట్లోనే కన్నుమూశాడు. "మీ తమ్ముడు పోయిండు బావా" అని మరదలు ఫోన్లో ఏడుస్తుంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, నేను చూడని ఆ తోవ. ఇలాంటి మాట రాయడానికి సిగ్గుపడే వయసు దాటిపోయాను.

షడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. అత్తగారింటికి నేను పెద్దల్లుణ్ని, ఆయన చిన్నల్లుడు. నేను నారాయణఖేడ్‌లో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. ఆయన కందుల వ్యాపారి. కర్ణాటక సరిహద్దు ఊరివాడు కాబట్టి ఇంట్లో కన్నడం, బయట తెలుగు, కోపమొస్తే రెండూ. నేను వెళితే మా అత్త జొన్నరొట్టె, పప్పు పెట్టేది. ఆయన వెళితే బచ్చాలు, అంటే బొబ్బట్లు, చేసేది. "చిన్నల్లునికి తీపంటే పానం" అనేది. నాకేది ఇష్టమో ఎప్పుడూ అడగలేదు. నాకూ తీపే ఇష్టం.

మాట ఇచ్చింది ఆ ఇంటి అరుగు మీదే. ఎండాకాలం సెలవులు. వానడవుల గురించి చదివిందంతా నేను చెబుతున్నాను. ఆకుల కప్పు కింద పగలే మసకగా ఉంటుందని, వాన వెలిసినా చెట్ల మీది నీళ్లు చాలాసేపు కురుస్తూనే ఉంటాయని. మామ కునుకు తీశాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. షడ్డకుడు మాత్రం కదల్లేదు.

"గివన్నీ నువ్వు చూసినవా అన్నా?"

"చదివిన."

"అయ్యో! చూడకుంటనే గింత చెప్తున్నవు, చూస్తే ఇగ ఊకుంటవా? మా మేనత్తది ఆ దిక్కే. మొదటి వాన పడనీ, పోదాం. ముందు సీటు నీదే."

నేను చదివినవాటిని నాకే చూపిస్తానన్న మనిషి అంతకుముందు లేడు, ఆ తర్వాత రాలేదు. వాన పడిన మర్నాడు పొద్దున నారాయణఖేడ్ బస్టాండ్ దగ్గర కలుద్దామనుకున్నాం. బయలుదేరేది ఖాయమైతే ఆయన కబురు పంపాలి.

మృగశిర కార్తెలో ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. నేను సంచి సర్దుకుని కూర్చున్నాను. సాయంత్రం మా బామ్మర్ది తడిసి వచ్చాడు. మా ఆవిడకూ మరదలికీ వాడొక్కడే తమ్ముడు. నాగల్‌గిద్ద నుంచి చిన్నబావ పంపాడన్నాడు. "మల్ల పోదామన్నడు పెద్దబావా" అని చెప్పి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మల్ల అంటే మా వైపు తర్వాత, ఇంకోసారి. సంచిలోని బట్టలు మళ్లీ పెట్టెలో పెట్టేశాను. జీపు పోయిందని, ముందు సీట్లో బామ్మర్ది కూర్చుని పోయాడని నాలుగు రోజుల తర్వాత మరదలి మాటల్లో తెలిసింది.

ఎందుకిలా చేశావని నేను అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు. పెద్దల్లుడు చిన్నల్లుణ్ని నిలదీస్తే ఇంట్లో ఎవరి పక్షాన ఉంటారో నాకు తెలుసు. బచ్చాలు ఎవరికి చేస్తారో వాళ్ల పక్షానే.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. ఆయన ఆ ప్రయాణాన్ని చెప్పడం మొదలుపెట్టాడు. కందుల పని మీద నారాయణఖేడ్ వచ్చినప్పుడల్లా బస్టాండ్ ముందరి హోటల్లో కూర్చునేవాడు. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, చాయ్‌ని సాసర్లో పోసుకుని, అది చల్లారేలోపు ఒక ఊరి ముచ్చట చెప్పేవాడు. ఒక ఊళ్లో ఇళ్ల గోడలు నానకుండా పోక మట్టలు చుట్టూ కట్టారట. "ఇల్లు గొంగడి కప్పుకొని కూసున్నట్టుండె" అనేవాడు. ఇంకో ఊళ్లో హోటలాయన గడప దగ్గరే అందరి కాళ్లు చూసేవాడట. జలగ కనిపిస్తే ఉప్పు చల్లి రాలగొట్టి, అప్పుడే లోపలికి రానిచ్చేవాడట. "కాళ్లు చూపెట్టినంకనే ఇడ్లీ!" అని ఆయన బల్ల మీద చరిస్తే హోటలంతా నవ్వేది. ఒక పెళ్లిలో గొడుగులన్నీ నల్లవే కావడంతో, ఏది ఎవరిదో చెప్పడానికి ఒక ముసలాయన్ని కూర్చోబెట్టారట. అందరికంటే ఎక్కువ మర్యాద ఆయనకేనట. మరో ఊళ్లో బస్సు కోసం జనం వానలో తడుస్తూ నిలబడ్డారట. చూస్తే షెడ్డులో ఒక దూడ పడుకుని ఉంది. లేపొచ్చు గదా అంటే, "అది ముందొచ్చింది" అన్నారట.

వెనక బల్ల మీద కూర్చుని నేనూ వినేవాణ్ని. ఆ దూడ సంగతి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. కడుపు మండేది. అయినా ఆయన వచ్చే రోజున హోటల్‌కు వెళ్లకుండా ఉండలేకపోయేవాణ్ని.

కొన్నాళ్లకు ఆయన మా ఇంటికి కూడా రావడం మొదలుపెట్టాడు, అనుమానాలు తీర్చుకోవడానికి. "చెట్టు మొదలు గోడల్లెక్క నాలుగు దిక్కుల పర్సుకొని ఉండె అన్నా. ఏందది?" అని అడిగాడు ఒకసారి. అక్కడి నేలలో సారమంతా పైపొరలోనే ఉంటుంది, వేళ్లు లోతుకు పోవు, అంత ఎత్తు చెట్టు పడిపోకుండా మొదట్లో వేళ్లు పలకల్లా లేస్తాయి అని చెప్పాను. మరుసటి వారం హోటల్లో ఆయన నోట అదే మాట ఇలా వచ్చింది: "గంత పెద్ద చెట్టుకు గూడ పడ్తనేమోనని భయమే. అందుకే కాళ్లు ఎడంగ పెట్టుకొని నిలబడ్డది." నేను ముప్పై మూడేళ్లు పిల్లలకు వ్యాసరచన నేర్పాను. ఆ వాక్యం నాకు రాలేదు. చూసిన కళ్లు ఆయనవి, చదివిన చదువు నాది, పేరు మాత్రం ఆయనకే. అయితే ఒకటి ఒప్పుకోవాలి. నా చదువును అడిగి మరీ తీసుకున్నవాడు ఈ ఊళ్లో ఆయనొక్కడే.

రెండేళ్ల కిందట నాకు కళ్ల ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు చదవకూడదన్నారు. చదవని రోజు నాకు అన్నం సహించదు. అప్పటికే ఆయనకు ఆయాసం. జీపు అమ్మేసి చాలా కాలమైంది. అయినా నాగల్‌గిద్ద నుంచి షేర్ ఆటోలో వచ్చి, మా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"ఇగ ఘాట్ దిగుతున్నమన్నా. ఎడమ దిక్కు లోయ. నువ్వు గటే కూసున్నవు, ఒంగి చూడకు."

మలుపు మలుపుకూ ఆగి చెప్పేవాడు. పొగమంచు ఎక్కడ తోవను మింగిందో, ఎక్కడ జీపు ఆపి ఇంజను బంద్ చేసి ఊరికే వాన చప్పుడు విన్నాడో. "తొవ్వ యాడికి పోదన్నా, మనకే జల్దీ" అనేవాడు. ఒకరోజు మధ్యలో ఆగిపోయాడు.

"నువ్వొస్తే బాగుండె."

"నువ్వు పిలిస్తే గదా" అన్నాను. అన్నేళ్లుగా నోట్లో ఉంచుకున్న మాట అది.

"పిలువకపోవుడేంది? బామ్మర్దితోని చెప్పంపిన గదా! మళె బంతు, హోగోణ అన్న. మర్నాడు పొద్దెక్కేదాక బస్టాండ్ కాడ జీపు పెట్టుకొని చూసిన. చెప్పినవా అంటే, చెప్పిన బావా అన్నడు వాడు. నువ్వు రాకపోతివి. పక్కన వాడే ఉండె, ఎక్కుమన్న."

మళె అంటే కన్నడంలో వాన. వాన వచ్చింది, పోదాం అని ఆయన పంపిన కబురు నా ఇంటికి చేరేసరికి, తర్వాత పోదాం అయింది. నేను విన్నది చెప్పాను.  ఆయన నవ్వడం మొదలుపెట్టాడు, దగ్గు వచ్చేదాకా. "నేను వాన పంపిస్తే నీకు వాయిదా ముట్టిందా అన్నా!"

"ఇంటి దాకా వచ్చి ఒక్క కేక ఎందుకేయలే?" అన్నాను.

"ఎయ్యబోయిన. పెద్ద సారువి, కందుల బస్తాలు మోసే జీపుల కూసునుడు నీకు నామోషేమో అనుకున్న. నువ్వేమనుకున్నవ్?"

కావాలనే వదిలేశావనుకున్నానని అనకుండా, ఈ వానలకు పోదామా అని అడిగాను. "ముందు నీ కండ్లు రానీ, నా దమ్ము రానీ" అన్నాడు. నా కళ్లు వచ్చాయి. ఆయన దమ్ము రాలేదు. ఆ వానాకాలమూ, ఆ మరుసటిదీ ఆయన మంచం మీదే వెళ్లదీశాడు. చినుకు పడితే కిటికీలోంచి అరచెయ్యి బయట పెట్టి, తడిని ముఖానికి రుద్దుకునేవాడని మరదలు చెప్పింది.

దినాల నాడు భోజనాల దగ్గర మా బామ్మర్ది నా పక్కనే కూర్చున్నాడు. ఎదుటి వరసలోని కుర్రాళ్లకు ఆ ప్రయాణం చెబుతున్నాడు. ఇప్పుడు అది వాడిదైంది. "నేను, చిన్నబావ, ఇద్దరమే పోయినం. మస్తు అడవి" అన్నాడు. అక్కడితో ముచ్చట అయిపోయింది.

"బస్సు షెడ్డుల దూడ పండుకున్నది చూసినవా?" అని అడిగాను.

"ఏం దూడ?"

"గొడుగుల ముసలాయన?"

"నాకేం ఎర్క బావా! తీర్థహళ్లి కాడ, అడవి మొదట్లనే కన్ను మూతపడ్డది, తెరిచేటాల్లకు సముద్రం. చిన్నబావ ఆడాడ జీపు ఆపి దిగుతుండె. ఆ వానల నేనెందుకు దిగుత?"

"మళె అంటే ఏందో తెల్వదా నీకు? అవురాద్ అంగట్ల గిన్నెలమ్మినోనివి. కన్నడంల బేరం చేసినోనివి."

వాడు నా వైపు చూడలేదు. "గప్పుడు ఏమన్నడో, నేనేం చెప్పిన్నో, ఇప్పుడేం యాది బావా? ఇంకింత పప్పు ఏసుకో" అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ, వాడికి నిజంగానే సరిగా వినబడలేదేమో, పోనీయమంది. ఇది అచ్చులో వస్తే నాకు ఈ ఇంట్లో చాయ్ కూడా పుట్టదని నాకు తెలుసు. షడ్డకుడి మీద నాకు ఈర్ష్య ఉంది, పోయేదాకా ఉంటుంది. నింద మాత్రం లేదు. ఆయన పంపాల్సింది పంపాడు. అద్దం మీద వాన దంచుతుంటే, తడిసిన కొమ్మలు జీపు టాపును రాసుకుంటూ పోతుంటే, అంత అడవీ రెండు పక్కలా నిలబడి ఉంటే, ముందు సీట్లో తల పక్కకు వాల్చి నోరు తెరుచుకుని ఒకడు నిద్రపోయాడు. నేను ఇప్పటికీ నిందించేది వాణ్నే, నా భార్య తమ్ముణ్ని.