ఫుజైరాలో పెద్ద కజ్జికాయ

అమ్మమ్మ పోయిందని మావయ్య ఫోన్ చేసినప్పుడు నేను వార్డులో మందుల ట్రాలీ పక్కన నిలబడి ఉన్నాను. నవంబరు ఆఖరి వారం, ఉదయం పూట. "పొద్దున్నే కాఫీ తాగిందమ్మా. పంచదార ఎక్కువైందంది. మళ్ళీ పడుకుంది. అంతే, ఇక లేవలేదు," అన్నాడు మావయ్య. ఆవిడ ఆఖరి మాట కూడా వంక పెట్టే మాటే. నాకు ఏడుపు వచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. పక్కనున్న సిస్టర్ నా చేతిలోని చార్టు తీసుకుని నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

వెళ్ళలేకపోయాను. మర్నాడే భూస్థాపన. సెలవు అడిగి, ఫుజైరా నుంచి దుబాయ్ చేరి, విమానమెక్కి హైదరాబాదులో దిగి, అక్కణ్ణుంచి పాలకొల్లు దగ్గరి మా ఊరు చేరేసరికి అంతా అయిపోతుంది. "రావొద్దులేవే. ఆవిడే ఉంటే అదే అనేది," అంది అమ్మ. నిజమే, అనేది. వీడియో కాల్‌లో పాటలు విన్నాను, షామియానా చూశాను, అమ్మమ్మ ముఖం ఒక్క నిమిషం చూశాను. తల దువ్విన తీరు బాగాలేదనిపించింది. తనే చూసుకుని ఉంటే మళ్ళీ దువ్వించుకునేది.

వంకలు పెట్టే మనిషి అనగానే మీరు ఒక గయ్యాళిని ఊహించుకుంటారేమో. అలాంటిది కాదు. అమ్మమ్మ వంటకి వంక పెట్టేది, వండినవాళ్ళకి కాదు. కోడలి ముక్కు బాగాలేదని గానీ, పక్కింటివాళ్ళ పిల్ల నల్లగా ఉందని గానీ ఆవిడ నోట ఒక్కనాడూ వినలేదు. పులుసులో చింతపండు ఎక్కువైతే మాత్రం పాస్టరుగారి భార్యనైనా సరే వదిలేది కాదు. చెప్పేసి, ఆ పులుసే రెండోసారి వడ్డించుకుని తినేది.

డిసెంబరు వచ్చిందంటే మా వీధిలో ఆడవాళ్ళు వంతులవారీగా ఒక్కో ఇంట్లో చేరి పిండివంటలు చేసేవారు. మా ఇంటి వంతు వచ్చేసరికి పెరట్లో రెండు పొయ్యిలు వెలిగేవి. అమ్మా అత్తా కొబ్బరి కోరేవారు, బెల్లం కొట్టేవారు. కజ్జికాయల్లోకి కొబ్బరి లౌజు మాత్రం అమ్మమ్మదే. బెల్లం కరిగి పాకం మొదలయ్యేసరికి "మీరు తప్పుకోండి" అని గరిటె లాక్కునేది. ఇక అది దించేదాకా పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానిచ్చేది కాదు.

మొదటి వాయి దించాక, తను నోట్లో వేసుకోకుండా, నన్ను పక్కింటికి పంపేది. ఆ పక్కింటావిడకీ అమ్మమ్మకీ కోళ్ళ విషయంలో ఏడాది పొడుగునా తగువే. ఆవిడొచ్చి, గడపలోనే నిలబడి, ఒక కజ్జికాయ కొరికి, ఏదో ఒకటి అనేది. యాలకులు తక్కువనో, అంచు సరిగ్గా నొక్కలేదనో. అమ్మమ్మ బుద్ధిగా తలూపి సరిదిద్దుకునేది. "ఇంతమందిమి ఉండగా ఆవిడే ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"మీరంతా బాగుంది బాగుందని కడుపు నింపుకుని పోతారే. మెచ్చుకునే నోళ్ళు నాకెందుకు? వంక పెట్టేదే నా వంట గురించి కాసేపు ఆలోచిస్తది," అంది.

తాతయ్య పోయిన ఏడు ఇంట్లో పిండివంటలు చేయలేదు. చావు జరిగిన ఇంట్లో మొదటి పండక్కి మూకుడు పెట్టకూడదని మా వైపు పట్టింపు. వీధిలోవాళ్ళే పళ్ళేలు పట్టుకొచ్చి ఇస్తారు. అమ్మమ్మ మూడు వారాలుగా గోడకి ఆనుకుని మాట్లాడకుండా కూర్చుని ఉంది. క్రిస్మస్ ముందు రోజు పక్కింటావిడ అరిసెలు తెచ్చి పెట్టింది. అమ్మమ్మ ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "పిండి ఆరిపోయిందే. తడి మీద ఉండగానే పాకంలో పోయాలని ఎన్నిసార్లు చెప్పాను?" అంది. పక్కింటావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వచ్చి, "వంక పెట్టింది. ఇక పరవాలేదు, లేస్తది," అని మా అమ్మని పట్టుకుని ఏడ్చేసింది. ఆ సాయంత్రం అమ్మమ్మ స్నానం చేసి అన్నం తింది.

నేను ఫుజైరాకి వచ్చి పదకొండేళ్ళయింది. కరోనా గొడవ తగ్గాక, విజిట్ వీసా మీద అమ్మమ్మని రెండు నెలలు తెచ్చుకున్నాను. సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తే, దూరంగా వరసగా నిలబడ్డ ఓడల్ని చూసి "పనీపాటా లేదా వీటికి?" అంది. నూనె పోయించుకోడానికి వచ్చి ఆగాయని చెప్పాను. "అయితే మన రేషన్‌షాపే," అని తేల్చేసింది.

అప్పట్లో నా గదిలో ఒక ఫిలిప్పీన్స్ నర్సు ఉండేది. వాళ్ళ భాషలో అమ్మమ్మని లోలా అంటారట. ఆ పిల్ల లోలా లోలా అంటూ అమ్మమ్మ చుట్టూ తిరిగేది. ఇద్దరికీ ఒక్క భాషా కలవదు, అయినా ఇద్దరూ రోజంతా మాట్లాడుకునేవారు. ఒకరోజు ఆ పిల్ల వాళ్ళ పండగ వంట చేసింది. మైదాపిండిలో వెన్న కలిపి ఒత్తి, గుండ్రటి పళ్ళెంలో పరిచి, లోపల లేత కొబ్బరి ముక్కలూ పాలూ నింపి, పైన ఇంకో పొర మూసి ఓవెన్‌లో పెట్టింది. కోకోనట్ పై అంటారు దాన్ని. అమ్మమ్మ ఓవెన్ ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని, అద్దంలోంచి లోపలికి చూస్తూ కూర్చుంది.

"బీరువాలో పెట్టి తలుపేసుకున్నాక అది ఎలా ఉడుకుతుందో ఎవరికి తెలుస్తదే? కలపాలన్నా కుదరదు," అంది.

బయటికి తీశాక ఒక ముక్క తింది. "లేత కొబ్బరి తాగుతారు, ముదురు కొబ్బరి వండుతారు. ఈ పిల్లకి ఎవరూ చెప్పలేదా? పిండి మాత్రం గొప్పగా ఉంది. ఇది మన కజ్జికాయే. పెద్దది చేసి, నూనె మిగుల్చుకున్నారు. రేపు లోపల లౌజు నేను చేస్తాను, చెప్పు దానికి," అంది. నేను చెప్పాను. ఆ పిల్ల ఎగిరి గంతేసింది.

మర్నాడు ఆ పిల్ల పిండి ఒత్తింది, అమ్మమ్మ పొయ్యి దగ్గర నిలబడింది. నేను తొంగి చూడబోతే, "నువ్వా బీరువా సంగతి చూసుకో, పొయ్యి సంగతి నేను చూసుకుంటా," అని తరిమేసింది. అరవై దాటిన మా అమ్మకే గరిటె ఇవ్వని మనిషి, నాకిస్తుందా? ఆ రోజు పెద్ద కజ్జికాయ వార్డుకి పట్టుకెళ్తే పది నిమిషాల్లో పళ్ళెం ఖాళీ. అప్పట్నుంచి వార్డులో క్రిస్మస్ విందుకి ఎవరెవరు ఏం తేవాలో రాసే కాగితంలో నా పేరు ఎదురుగా అదే ఉంటోంది. కిందటేడాది వరకూ అమ్మమ్మ ముందుగానే లౌజు చేసి, డబ్బాలో పెట్టి, ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత పంపేది. నేను పిండి ఒత్తి, నింపి, కాల్చడమే.

ఈ ఒక్క విషయంలో అమ్మమ్మ మీద నాకు కోపం ఉంది, దాచుకోను. అందరి వంటలకీ దారి చూపించింది, తన వంటకి మాత్రం ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆవిడ పోయిన వారానికి అమ్మకి ఫోన్ చేసి లౌజు ఎలా చేయాలని అడిగితే, "కొబ్బరి కోరడం అడుగు, చెబుతాను," అంది అమ్మ. ఇంట్లో ఈ ఏడు మూకుడు పెట్టరు. వచ్చే ఏడు పెట్టినా, అందులో ఏం వేయాలో తెలిసిన మనిషి లేదు. ఆ రుచి నా నాలుకకి తప్ప ఇంకెక్కడా లేదనీ, నాలుక కూడా మెల్లగా మర్చిపోతుందనీ నాకు భయం పట్టుకుంది.

మూకుడు పట్టింపు నాకూ గుర్తుంది. కానీ నాది నూనె మూకుడు కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ముదురు కొబ్బరికాయలు రెండు కొని, డిసెంబరు మొదట్లో మొదలుపెట్టాను. బెల్లం కరిగించి వడకట్టాను, కొబ్బరి వేశాను, యాలకులు దంచి వేశాను. ఎక్కువసేపు ఉంచితే రాయైపోతుందేమో, ఎలాగూ ఓవెన్‌లో మళ్ళీ ఉడుకుతుంది కదా అని, కొంచెం జారుగా ఉండగానే దించి నింపేశాను. ఏదో తేడా ఉంది. ఏమిటో తెలియలేదు. వార్డుకి పట్టుకెళ్ళాను. "సూపర్ సిస్టర్" అన్నారు అందరూ. నా గదిలో ఉండి వెళ్ళిన ఫిలిప్పీన్స్ పిల్ల కూడా పక్క వార్డు నుంచి వచ్చి తిని, నన్ను వాటేసుకుని, "లోలా చేసినట్టే ఉంది," అంది. అబద్ధం. నా దుఃఖం చూసి ఆడిన మంచి అబద్ధం.

యాలకులు పెంచి రెండోసారి చేశాను. మళ్ళీ అదే తేడా, మళ్ళీ అవే మెచ్చుకోళ్ళు. ఇంట్లో మనిషి పోయిన దాని వంటకి ఎవరు వంక పెడతారు? అందరూ ఎంత మంచివాళ్ళో చూసి నాకు విసుగొచ్చింది.

మా వార్డులో క్లీనింగ్ పనిచేసే అక్క ఒకామె ఉంది. జగిత్యాల దగ్గరి పల్లె. పని పని, మాట మాట అన్నట్టుంటుంది. స్టాఫ్ రూములో మిగిలిన ముక్క ఆమె తింటుంటే చూశాను. సగం తిని ప్లేటు పక్కన పెట్టింది.

"ఏం అక్కా, బాలేదా?"

"మంచిగనే ఉన్నది సిస్టర్."

"నిజం చెప్పక్కా. నీకు దణ్ణం పెడతాను."

ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. "ఏమనుకోకు మరి. బెల్లం పచ్చివాసనొస్తున్నది. పాకం కాకముందే కొబ్బరి ఏసినవా? దగ్గరపడకముందే దించినవు. ఆ నీళ్ళన్ని కిందికి దిగి పిండి మెత్తగైంది, చూడు. లోపటిది పొయ్యి మీదనే ఖలాస్ కావాలె. ఆ డబ్బల పెట్టినంక ఏం గాదు. మా దిక్కు గర్జెలల్ల, అంటే మీ కజ్జికాయలల్ల, గిట్ల పోస్తే మా అత్త పళ్ళెం ఇసిరికొట్టేది," అంది.

నేను అక్కడే ఏడ్చేశాను. అక్క కంగారుపడింది. "అరె, అడిగినవని చెప్తి గదా! ఊకో సిస్టర్, ఊకో." నేను ఏడుస్తూనే నవ్వుతున్నానని ఆమెకి ఎలా చెప్పను? మూడు వారాల్లో మొదటిసారి ఒక మనిషి నా వంట గురించి కాసేపు ఆలోచించింది. కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టి, పాకం ఎప్పుడు కొబ్బరికి సిద్ధమవుతుందో, అయిపోయిందని ఎలా తెలుస్తుందో అన్నీ అడిగాను. గరిటెని వదిలి ముద్దగా తిరగాలంది, మూకుడు అంచు శుభ్రంగా కనిపించాలంది, చెయ్యి నొప్పెట్టాక కూడా ఇంకాసేపు కలపాలంది.

మూడోసారి అలాగే చేశాను. పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పుతుంటే, అమ్మమ్మ ఎందుకు ఎవర్నీ రానివ్వలేదో కొంచెం అర్థమైంది. ఆ కాసేపట్లో పక్కన ఎవరు మాట్లాడినా ఏమారిపోతాం. కోపం పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. విందు రోజు పళ్ళెం ముందుగా అక్క దగ్గరికే పట్టుకెళ్ళాను. తిని, "యాలకులు జర తక్కువెయ్యి," అంది. ముక్క మొత్తం తినేసింది. నాకు ఆ పండగ నిండుగా జరిగింది.

పండగ మర్నాడు మధ్యాహ్నం అమ్మ వీడియో కాల్ చేసింది. స్టవ్ వెలిగించి ఉంది, మూకుడులో బెల్లం నీళ్ళు.

"అదేంటమ్మా, ఈ ఏడు మూకుడు పెట్టనన్నావుగా?"

"పండక్కి పెట్టలేదుగా. అది నిన్నటితో అయిపోయింది. ఇది నేర్చుకోడానికి. మొన్న చెప్పావే, మీ వార్డులో అక్క, ఆవిడ నీకేం చెప్పిందో మొదట్నుంచీ చెప్పు."

చెప్పాను. బెల్లం పొంగింది, పాకం వచ్చింది. కొబ్బరి వేయమన్నాక వేసింది. అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ మా అమ్మ చేతికి రాని గరిటె అది. ముందు బెదురుగా తిప్పింది, తర్వాత కుదురుగా తిప్పింది. నేను ఇక్కడ ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని మూకుడు అంచునే చూస్తున్నాను.

"అయిపోయినట్టుందే. దించనా?"

"ఇంకా కాలేదమ్మా. అంచుకి అంటుకుంటోంది చూడు."

"చెయ్యి లాగేస్తోందే బాబూ."

"లాగనీ. ఇంకాసేపు."

అచ్చం మీ అమ్మమ్మేనే నువ్వు అని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అమ్మ కొంగుతో నుదురు తుడుచుకుని, గరిటె ఎడం చేతికి మార్చుకుని, నాకేసి చూడకుండానే మళ్ళీ కలపడం మొదలుపెట్టింది.