అత్త దవడలో ప్లేటు

మొన్న పోతిరెడ్డిపల్లిలో పంటి డాక్టరు ఎక్స్‌రే చేతికిస్తే, నా పన్ను సంగతి అడగకుండా దాని మీద ఉన్నది నా పేరేనా అని రెండుసార్లు చూసుకున్నాను. ఈ గుణం నాకు మా మేనమామ నుంచి వచ్చింది. పటాన్‌చెరులో ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో తుక్కు ఏరే పని ఆయనది. లారీలో వచ్చిన ప్రతి ముక్కకూ అయస్కాంతం ఆనించి చూడనిదే లోపలికి పోనిచ్చేవాడు కాదు. ఇంటికొచ్చినా అంతే, పాలవాడిని నమ్మడు, గ్యాస్ బండ బరువును నమ్మడు, మబ్బు పట్టినా వాన వస్తుందంటే నమ్మడు.

రుద్రారం దగ్గర బండి జారి అత్త దవడ విరిగింది. డాక్టరు నోటి లోపలే చిగుళ్ళ కింద కోసి, విరిగిన ఎముకను చిన్న ప్లేటుతో, మరలతో బిగించాడు. కదలకుండా పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి తీగతో కట్టి, ఎముక అతికేలోపు విప్పితే దవడ వంకర పోతుందని మరీ మరీ చెప్పాడు. వీధి మొత్తానికీ సరిపడా మాట్లాడే మనిషి గంజి తాగుతూ మూగగా కూర్చుంది. బయట చెంప మీద గీత కూడా లేకపోవడం మామకు నచ్చలేదు. "కొయ్యకుండ ప్లేటెట్ల పెడ్తరు? ఉత్తగ తీగ కట్టి పంపిండ్రు," అన్నాడు. ఎక్స్‌రే చూపిస్తే, అది ఎవరిదో అన్నాడు.

ఒక ఆదివారం ఫ్యాక్టరీ నుంచి అయస్కాంతం తెచ్చి అత్త దవడకు ఆనించాడు. పట్టలేదు. "సూసినవా? ప్లేటు లేదు, ఏం లేదు. ఇగ ఈ తీగ తెంపి పట్నం దవాఖానకు తీస్కపోత," అంటూ కటింగ్ ప్లేయర్ అందుకున్నాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపబోతే నన్నూ అనుమానంగా చూశాడు. అత్త మాత్రం లేచి వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి మామ చేతిలోని అయస్కాంతానికి ఆనించింది. అదీ పట్టలేదు. అయస్కాంతం పట్టని స్టీలే అసలైనదని, దుకాణదారు విసుక్కుంటున్నా ఏరి ఏరి ఆ గ్లాసులు కొన్నది మామే. బిగిసిన పళ్ళ మధ్య నుంచి అత్త, "గిది గూడ లేదా?" అంది.

మామ ప్లేయర్ కింద పెట్టాడు. "నువ్వు మాట్లాడకుంటె నాకు ఏది నమ్మబుద్ధయితలేదే," అన్నాడు. ఆయన నోట అలాంటి మాట నేను అప్పుడొక్కసారే విన్నాను.

తీగ విప్పాక దవడ చక్కగా నిలిచింది. అత్త ఇప్పటికీ జొన్నరొట్టె నమిలి తింటుంది. కానీ మామ చనిపోయినప్పటి నుంచి పొద్దంతా ఒక్క మాటా మాట్లాడదు. ఎముక అతకడానికి ఎన్నాళ్ళు పడుతుందో డాక్టరు చెప్పగలిగాడు. దీనికెన్నాళ్ళో ఎవరిని అడగాలో తెలియదు.