మంచు ఎక్కిన మా బావ కారు

నిన్న ఉదయం నడకకు వెళ్ళి తిరిగి వస్తుంటే, మెయిన్ రోడ్డు మీద టైర్ల షాపు ముందు మా బావ కారు జాకీల మీద నిలబడి కనిపించింది. నాలుగు చక్రాలూ ఊడదీసి ఉన్నాయి. పాత టైర్లను గోడకు ఆనించి వరసగా పెట్టారు. అరిగి అరిగి వాటి మీది గాడులు నా అరచేతి గీతల కన్నా పలచబడ్డాయి. ఆ షాపాయన్ని ఊరంతా భాయ్ అనే పిలుస్తుంది. నన్ను చూడగానే చేతులు గుడ్డతో తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"రండి సార్, ఆఖరి చూపు చూసుకోండి. మంచుకొండ ఎక్కినవి ఇవేగా?"

"ఎక్కినవీ ఇవే భాయ్, జారినవీ ఇవే."

"జారిన సంగతి మీ బావగారు నాకు చెప్పలేదే!"

"ఆయనెందుకు చెబుతాడు?"

భాయ్ వెంటనే స్టూలు వేసి, టీకి కేక వేశాడు. టీ చల్లారేదాకా ఆయనకు చెప్పిన కథే ఇది. నేను చిన్నతనం నుంచీ డైరీ రాసే అలవాటున్న మనిషిని. ఆ ప్రయాణం గురించి కూడా పద్ధతిగానే రాసుకున్నాను: ఏ ఊళ్ళో ఏం తిన్నాం, ఎక్కడ చలి మొదలైంది, ఎవరికి ముందు జలుబు చేసింది. కానీ ఎంత నవ్వామో అందులో లేదు. అది గుర్తు చేసుకోవడానికి డైరీ తెరవాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

మా అక్కకు మంచు చూడాలని కోరిక. ఈ కోరిక ఎలా పుట్టిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ప్రతి క్రిస్మస్‌కీ అక్క ముందుగదిలో ఒక మూల పశువుల పాక కట్టేది. పైన తాటాకు, లోపల మట్టిబొమ్మలు. తెలిసిన వాళ్ళ చేలో నుంచి పత్తి తెప్పించి, గింజలు తీసి, దూదిని పలచగా విడదీసి ఆ పాక కప్పు మీదా, సరుగుడు కొమ్మ మీదా పరిచేది. గ్రీటింగు కార్డుల మీద మంచు అలాగే ఉంటుంది కదా. బేత్లెహేములో ఆ రాత్రి మంచు కురిసిందో లేదో నాకు తెలియదు గానీ, తిరువూరులో మా అక్క ఇంట్లో మాత్రం ఏటా కురిసేది. బయట ఫ్యాను వేసుకునేంత ఉక్కగా ఉన్న సంవత్సరాల్లో కూడా కురిసేది. దూది పరుస్తూ, "నిజం మంచు కూడా ఇంత తేలిగ్గా ఉంటదా?" అని అడిగేది. ఆ ఇంట్లో దానికి జవాబు చెప్పగలిగినవాడు మా బావ ఒక్కడే. చాలా క్రిస్మస్‌లకు ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు.

మా బావ లారీ డ్రైవరు. వేసవిలో మామిడికాయలు, ఆ తర్వాత మిర్చి, పత్తి బేళ్ళు ఢిల్లీ దాకా తోలేవాడు. తిరుగు లోడు కోసం ఒక సంవత్సరం ఆపిల్ పండ్లకని హిమాచల్ కొండల్లోకి వెళ్ళి, ముందుగా కురిసిన మంచులో చిక్కుకుని, వెనక చక్రాలకు ఇనప గొలుసులు చుట్టుకుని బయటపడ్డాడు. ఇంటికి వచ్చి ఆ కథ చెబుతూ అక్కకు మాట ఇచ్చాడు: "ఒకసారి నిన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, నేనే తోలుకుంటా, ఆ మంచులోకి తీసుకెళ్తా." మాట ఇవ్వడం తేలికే. తర్వాత పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, లారీ అమ్మకం, మోకాళ్ళ నొప్పులు. ఆ మాట మాత్రం దూదితో పాటు ప్రతి ఏడూ అటక మీది నుంచి దిగి, పండగయ్యాక మళ్ళీ అటక ఎక్కేది.

బావ డ్రైవింగు గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. వానాకాలంలో వినగడప, పెనుగొలను వైపు నల్లరేగడి దారులు చూసినవాళ్ళకు అర్థమవుతుంది. ఆ మట్టి తడిస్తే చెప్పును వదలదు, చెప్పులోని కాలునీ వదలదు. తోటల్లోంచి లోడు లారీని ఆ దారుల్లో బయటికి తీసుకురావడంలో మా బావకు పేరుంది. వేరే లారీలు దిగబడితే ఆయన్ని పిలుచుకుపోయేవారు. ఆయన వెళ్ళి, ముందు బీడీ ముట్టించి, దిగబడ్డ బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటెక్కి మెల్లగా, పసిబిడ్డను లేపినట్టు బండిని లేపేవాడు. "యాక్సిలేటరు తొక్కితే చక్రం తిరుగుద్ది. చక్రం తిరిగితే ఏం లాభం? బండి కదలాలి" అనేవాడు. బ్రేకు మీద అకస్మాత్తుగా కాలు వేయకూడదు. స్టీరింగు విదిలించకూడదు. ఈ రెండూ నాకు కూడా నేర్పాడు గానీ, నేను సైకిలు దాటి పోలేదు కనుక అవి నాకు పెద్దగా ఉపయోగపడలేదు.

కొన్నేళ్ళ కిందట శీతాకాలంలో, క్రిస్మస్ వెళ్ళిన వారానికే, బావ ఒక పొద్దున మా ఇంటికి వచ్చి, "బామ్మర్దీ, సామాను సర్దు. మంచులోకి పోతన్నాం" అన్నాడు. రైలు టికెట్లు చూస్తానన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "రైల్లో పోతే ఇంకెవడో తీసుకెళ్ళినట్టు. నేను తీసుకెళ్తానని చెప్పా." అలా మేం నలుగురం, అక్క, బావ, మా ఆవిడ, నేను, ఆయన కారులోనే బయలుదేరడం ఖాయమైంది.

ముందు టైర్లు. భాయ్ షాపులో ఆ రోజు జరిగినంత పరీక్ష మా పెళ్ళిచూపుల్లో కూడా జరగలేదు. బావ ఒక్కో టైరు మీద వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టి విన్నాడు, గోరుతో నొక్కాడు. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. మా ఊరి ఎండకు మెత్తని రబ్బరు రోడ్డు మీదే కరిగిపోతుంది. భాయ్ షాపులో ఉన్న వాటన్నిటిలోకీ గట్టివి ఏరి, "వీటికి చావు లేదు బావగారూ" అని ఇచ్చాడు. రైసుమిల్లు నుంచి బావ ఒక ఊక బస్తా కూడా తెచ్చి వెనక డిక్కీలో వేశాడు. బురదలో చక్రాల కింద చల్లితే పట్టు దొరుకుతుందని. ఆ బస్తా వల్ల మా ఆవిడ పచ్చళ్ళ డబ్బాలు ఆమె ఒళ్ళోకి వచ్చాయి. దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర పోలీసాయన బస్తా విప్పించి చూసి, గేదె ఎక్కడుందని అడిగాడు.

దారి సంగతి చెబితే అదొక పుస్తకం అవుతుంది. ఢిల్లీ చేరేదాకా బావ ప్రతి ధాబా ముందూ స్లో చేసి, "ఇక్కడ పప్పు బాగుండేది" అనేవాడు. ఆగి చూస్తే అక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉండేది. అక్క మాత్రం ముందు సీట్లో కాళ్ళు చాపుకుని, పక్కన బావ, ఎదురుగా రోడ్డు, ఒక్కసారి కూడా కన్ను మూయకుండా కూర్చుంది. "పడుకోవే" అని బావ అంటే, "ఇన్నేళ్ళూ మీరు తోలింది నేను చూశానా ఏంటి? చూడనీండి" అనేది.

కొండల్లో ఒక చిన్న ఊళ్ళో రాత్రి ఆగి, తెల్లారి టిఫిను చేసి పైకి బయలుదేరాం. కొంత దూరం పోయాక రోడ్డుకు రెండు పక్కలా మంచు మొదలైంది. అయితే అది కార్డుల మీది మంచు కాదు. బండ్లు తొక్కి తొక్కి, పొగ పట్టి, మసిబారిన ముద్ద. అక్క అద్దం దించి తొంగి చూసి, "ఇదా మంచు? వినగడప బురదకి సున్నం కొట్టినట్టుంది" అంది. "ఇది కాదే, అసలుది పైన" అని బావ ఎత్తు మీదికి పోనిచ్చాడు. మలుపు దగ్గర కారు ముందుకు పోవడం మానేసింది. ఎవరో వెనక నుంచి పిలిచినట్టు నిదానంగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. మా ఆవిడ "యేసయ్యా" అంది. బావ బ్రేకు జోలికి పోకుండా స్టీరింగును కొండ వైపు రవ్వంత తిప్పాడు. రోడ్డు పక్కకు ఊడ్చిపోసిన మంచు కుప్పకు కారు వెళ్ళి మెత్తగా ఆనుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. పచ్చళ్ళ డబ్బాలకు కూడా కాలేదు.

దగ్గర్లోనే ఒక టీ కొట్టు ఉంది. దాని యజమానురాలు, యాభై దాటిన మనిషి, వచ్చి మా టైరును బొటనవేలితో నొక్కి బావతో హిందీలో ఏదో చెప్పింది.

"ఏమంటోంది?" అని అడిగింది అక్క.

"టైర్లు బాగున్నాయంటంది."

"బాగున్నాయని చెప్పడానికి తల అంత అడ్డంగా ఊపాలా అండీ?"

నాకు కొద్దో గొప్పో వచ్చిన హిందీతో అసలు సంగతి అర్థమైంది. ఎండకు తట్టుకునే గట్టి రబ్బరు చలికి ఇంకా గట్టిపడి రాయి అవుతుందట. ఇక్కడ మెత్తని టైరు కావాలట, లేదా గొలుసులు కట్టాలట. గొలుసులు తన కొట్టులోనే అద్దెకు దొరుకుతాయి. లేదంటే తన బంధువు జీపు ఉంది, అందరినీ పైకి తీసుకెళ్ళి మళ్ళీ తీసుకొస్తాడు. బావ వినిపించుకోలేదు. ఊక బస్తా దించి, వెనక చక్రాల కింద పరుపు పరిచినట్టు ఊక పరిచాడు. నేను వెనక నుంచి తోశాను. ఇంజను రంకెలు వేసింది. కారు అక్కడే ఉంది. ఊక మీద వెనక చక్రాలు హాయిగా పడుకున్నాయి.

అప్పుడు నేను మెల్లగా, "జీపులో పోదాం బావా. మంచు చూడటమేగా ముఖ్యం" అన్నాను. బావ మొహం మాడిపోయింది. తాళంచెవి తీసి నా చేతిలో పెట్టబోయాడు. అక్క కారు దిగి వచ్చి మా మధ్య నిలబడింది.

"నేను జీపులో రాను."

"అదేంటే, ఇంత దూరం వచ్చి?"

"మీరు తోలితే వస్తా. లేదంటే ఇట్నుంచి ఇటే తిరువూరు పోదాం పదండి. దూది ఉందిగా మనింట్లో."

ఆమె కోపంగా అనలేదు. మార్కెట్లో నచ్చని కూర పక్కన పెట్టినంత మామూలుగా అంది. ఎన్నడూ ఎవరినీ దారి కూడా అడగని మనిషి, మా బావ, ఆ టీ కొట్టావిడ దగ్గరికి నడిచి వెళ్ళి గొలుసులు అడిగాడు. ఆమె మనిషిని పంపుతానంటే మాత్రం వద్దన్నాడు. "గొలుసులు కట్టడం నాకు తెలుసు" అని, గడ్డకట్టిన వేళ్ళతో, ఆ మసి మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, నేను అందిస్తుంటే, చాలాసేపు పట్టి కట్టాడు. లేచి నడుం పట్టుకుని, సీటెక్కి, మీసం తుడుచుకుని, కారు స్టార్ట్ చేశాడు. ఇంజను మళ్ళీ అరిచింది. కారు మళ్ళీ అక్కడే ఉంది.

మా ఆవిడ టీ కొట్టు బల్ల మీద కూర్చుని గ్లాసుతో చేతులు కాచుకుంటూ ఇదంతా చూస్తోంది. ఆమె ఎంతో మర్యాదగా అడిగింది:

"అన్నయ్యగారూ, ఏమనుకోకండి. ఈ బండికి తిరిగేవి ముందు చక్రాలు కదండీ?"

బావ దిగి ముందు చక్రాలను చూశాడు, గొలుసులు కట్టిన వెనక చక్రాలను చూశాడు, ఊక పరుపును చూశాడు. జీవితమంతా వెనక చక్రాలతో నడిచే లారీ తోలిన మనిషి చేతులు, ఆలోచన అడగకుండా, నేరుగా వెనక్కే వెళ్ళాయి. ఇన్నేళ్ళుగా ఈ కారు ఎక్కడా దిగబడలేదు కనుక, దాన్ని ముందు చక్రాలు లాగుతున్నాయన్న సంగతి ఆయనకు ఎప్పుడూ అవసరం పడలేదు. పక్కనుండి గొలుసులు అందించిన నాకూ తట్టలేదు. ముందు నవ్వింది బావే. కారు బానెట్ మీద చెయ్యి వేసి, వంగి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "చెల్లెమ్మా, ఈ మాట భాయ్‌కి చెప్పావంటే నేను ఊళ్ళోకి రాను" అన్నాడు. అక్క నవ్వుకు శాలువా జారి మంచులో పడింది. టీ కొట్టావిడకు ఎవరూ వివరించకపోయినా ఆమె కూడా నవ్వింది. ఈసారి ఆమే వచ్చి ఒక చక్రానికి కట్టింది, బావ రెండో చక్రానికి కట్టాడు.

ఇక ఎక్కడం మొదలైంది. గొలుసులు గలగలమంటుంటే, ఫస్టు గేరులో, పక్కన నడిచేవాళ్ళు మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా. గొలుసులు పట్టు ఇచ్చాయి. మిగతాది రేగడి నేర్పిన విద్య. ఒక మలుపులో ముందు పోతున్న కారు అడ్డంగా తిరిగి మా మీదికి జారింది. బావ యాక్సిలేటరు మీది నుంచి కాలు తీసి, కారును ఊపిరి పీల్చుకున్నంత నెమ్మదిగా పక్కకు ఒరిగించాడు. ఆ కారు మా అద్దానికి జానెడు దూరంలో ఆగింది. అక్క ఆయన వైపు తిరిగి, "ఇట్టా తోలేవారా మీరు?" అంది. వెనక సీట్లోంచి నాకు ఆయన చెవులు ఎర్రబడటం కనిపించింది. అది చలి వల్ల అయితే కాదు.

మలుపు తిరిగేసరికి అసలు మంచు వచ్చింది. ఎవరూ తొక్కని మంచు, కొండ అంచు దాకా, కళ్ళు చిట్లించుకుని చూడాల్సినంత తెల్లగా. బావ కారు పక్కకు ఆపి, చుట్టూ తిరిగి వెళ్ళి, అక్క వైపు తలుపు తానే తీసి నిలబడ్డాడు.

"దిగు. వచ్చేశాం."

అక్క దిగలేదు. సీటు బెల్టు కూడా తీయలేదు. మంచును చూసింది, ఆయన్ని చూసింది.

"అప్పుడే దిగాలా? ఇంకాస్త దూరం తోలండి."

బావ తలుపు వేసి, చుట్టూ తిరిగి వచ్చి సీటెక్కాడు. రోడ్డు ఉన్నంత దూరం తోలాడు. రోడ్డు అయిపోయిన చోట అక్క దిగి, రెండు చేతులా మంచు తీసి, ఇది దూది కాదే, బరువుగా ఉందే అంటూ ఆయన జేబులో పోసింది. మా నలుగురిలో ఎవరికైనా ముప్పై ఏళ్ళ వయసు ఉంటే ఆ కొండను ఇంకా ఎంతో త్వరగా ఎక్కేసేవాళ్ళం. అంత మెల్లగా ఎక్కడానికి మాత్రం మాకు ఇంత వయసు రావలసి వచ్చింది.