పదకొండో వరస

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచిపోయే రకం. మా బంధువుల్లో దిష్టి తీసేవాళ్ళు ఉన్నారు, శకునం చూడనిదే గడప దాటనివాళ్ళు ఉన్నారు. నేను కంటికి కనిపించిందే నమ్ముతాను, అదీ రెండోసారి చూశాకే. అందుకే ఇది రాయడానికి నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

నేను అనంతపురంలో ఇంటి నుంచే పని చేస్తాను. ఒక ప్రైవేటు గుండె ఆసుపత్రికి పల్లెల్లో పదకొండు చిన్న కేంద్రాలు ఉండేవి. అక్కడ నర్సు ఈసీజీ తీస్తే, నిమిషంలో నగరంలో ఉన్న డాక్టరు తెర మీద కనిపిస్తుంది. మధ్యలో ఉండేది క్లౌడ్, అంటే ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లు. ఏ ఊరి సమాచారం ఏ దారిన పోవాలో అందులో ఒక పట్టికలో ఉంటుంది. రూట్ టేబుల్ అంటాం. కంప్యూటర్ తెర మీది నల్లటి కిటికీలో ఒక కమాండ్ కొడితే ఊరికి ఒక వరస చొప్పున జాబితా వచ్చి పడుతుంది. వరస లేకపోతే ఆ ఊరికి దారి లేదు. ఏదీ రాదు, ఏదీ పోదు.

మా నాయన గొర్రెలు కాస్తాడు. మాది మడకశిర వైపు పల్లె. ఎండలు ముదిరితే మేత కోసం మందను తోలుకొని ఊళ్ళ వెంట తిరుగుతాడు. ఆ వేసవిలో కుందుర్పి వైపు పోయాడు. ఎదలో పట్టేసినట్టు ఉందని రెండు వారాలుగా చెబుతున్నాడు. ఆసుపత్రికి రమ్మని పోరితే, "మందను ఎవురికి ఇడ్సిపెట్టి రావల్లమ్మా?" అని ఫోన్ పెట్టేసేవాడు. తర్వాత ఆ ఫోనూ కలవలేదు. మూడు రోజులుగా అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగడం లేదు నాకు.

ఆ రోజు పొద్దున ఆఫీసు నుంచి పని వచ్చింది. కుందుర్పి దగ్గరి పల్లెలో కేంద్రం మూసేశాం, దాని వరస మధ్యాహ్నం లోపల తీసేయండి అని. తీసే ముందు ఆ కేంద్రానికి ఒక ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదు. నాయన అటువైపే ఉన్నాడన్నది కూడా తట్టలేదు. బుర్ర అంత పాడైపోయి ఉంది.

పదకొండు గంటలకు తీసేశాను. జాబితా చూశాను. వరస ఉంది.

ఒక్కోసారి ఆలస్యం అవుతుంది. టీ పెట్టుకొని వచ్చి మళ్ళీ తీసేశాను. అలాంటి వరసే లేదని జవాబు వచ్చింది. జాబితా అడిగితే మాత్రం పదకొండు వరసలూ బారుగా నిలబడ్డాయి. మూడోసారీ అంతే. ఒళ్ళు మండిపోయింది. నాతో పని చేసే రఘుకు ఫోన్ చేశాను. యాడికి అనే ఊరి పిల్లవాడు, బెంగళూరులో ఉంటాడు. అతన్నీ జాబితా తీయమన్నాను.

"ఈడ పదే ఉండాయి కదక్కా. నువ్వు తీసేసినావు, అది పోయింది. ఇంకేమి?"

"నాకు పదకొండు కనిపిస్తున్నాయి రఘూ."

"రాత్రి నిద్ర పోయినావా అక్కా?"

నవ్వాడు. నేను నవ్వలేదు. నా తెర ఫొటో తీసి పంపాను. అతను మళ్ళీ జాబితా తీసి చూశాడు, అతనికి పదే.

ఇక్కడ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. గుట్టల్లో దారి చీలిన చోట మందతో ముందు పోయేవాళ్ళు, తాము పోని దారికి ముళ్ళకంప అడ్డం వేసి దాని మీద రాయి పెడతారు. వెనక వచ్చేవాళ్ళకు అదే గుర్తు. నాకు ఏడేళ్ళప్పుడు ఒకరోజు ఆ పని నాయన నాకు అప్పగించాడు. అమ్మ వెనక నీళ్ళూ సంగటీ తెస్తోంది. ఇంటి దగ్గర గొర్రెలన్నీ దొడ్లోకి పోయాక కంప మూసేది నేనే. ఆ అలవాటులో, మంద పోయిన దారికే కంప అడ్డం వేసి రాయి పెట్టాను.

గుట్ట సగం ఎక్కాక గాని తప్పు తెలియలేదు. నాయనకు చెప్పడానికి భయం. మా దగ్గర నీళ్ళు అయిపోయాయి. అమ్మ ఆ రెండో దారి పట్టిందంటే ఆ ఎండలో ఎక్కడ తేలుతుందో! అమ్మ మాత్రం వేళకే వచ్చింది. కంప అడ్డం లేదా అని అడిగితే, "ఉండె. ఆ పక్క దారికి" అంది. సాయంత్రం దిగేటప్పుడు చూశాను. కంప పక్క దారికే ఉంది, మీద నా రాయి ఉంది. రోజంతా ఆ గుట్ట మీద ఇంకో మనిషి కనిపించలేదు. నేనే సరిగ్గా వేసి తప్పు వేశాననుకున్నానని పెద్దయ్యాక సర్దిచెప్పుకున్నాను. చిన్నపిల్లల జ్ఞాపకం కదా.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఫోన్ మోగింది. ఆ కేంద్రం నర్సు మేరక్క. మిషన్ మొరాయించినప్పుడల్లా నాకే చేస్తుంది.

"అమ్మా, మీ నాయన మా ఊరి బయట మంద కాడ పడిపోయినాడు. నా బిడ్డ మీ మిషన్ల పనే చేస్తాదని ఆయనే చెప్పినాడు. ఒళ్ళంతా చెమట్లు. మిషన్ ఎత్తుకుపోయే బండి ఇంకా రాల్యా, మూలనే ఉండాది. రెండు వారాల తర్వాత ఇప్పుడే ఆన్ చేసి ఈసీజీ తీసి పంపినా. డాక్టరుకు చేరిందో లేదో చూడు."

జాబితా తీశాను. పది వరసలు. అంతసేపూ పోనని మొండికేసిన వరస సరిగ్గా అప్పుడు లేదు. మా నాయనకూ డాక్టరుకూ మధ్య ఉన్న దారిని నా చేత్తో నేనే మూసేశాను.

తిరిగి చేర్చే కమాండ్ నాకు కళ్ళు మూసుకున్నా వస్తుంది. ఆ రోజు రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి టైపు చేస్తున్నాను, ఎంటర్ ఇంకా నొక్కలేదు, మేరక్క ఫోన్లో కేకేసింది. "అందిందంటమ్మా! డాక్టరు ఇంకో ఫోన్లో మాట్లాడతాండాడు. సూది మందు చెప్తాండాడు. ఉండు, ఉండు."

అప్పుడు నొక్కాను ఎంటర్. ఏడుపు ఆగలేదు.

నాయనను అంబులెన్సులో అనంతపురం తెచ్చారు. గంట ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడి డాక్టరు అన్నాడు.

తర్వాత రికార్డులన్నీ తీశాము. ఎవరు ఏ వరస తీసినా, చేర్చినా, టైముతో సహా అందులో పడుతుంది. పదకొండు గంటలకు నేను తీసేసినట్టు ఉంది. ఒకటీ పదిహేనుకు నేను చేర్చినట్టు ఉంది. మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు. ఈసీజీ డాక్టరుకు చేరిన టైము ఒకటీ పన్నెండు. పాత కనెక్షన్ ఏదో తెరిచి ఉండిపోయి ఉంటుందని మా పైఅధికారి అన్నాడు. రెండు వారాలు ఆపేసి ఉన్న మిషన్‌కు పాత కనెక్షన్ ఎక్కడిదని రఘు అడిగాడు. ఆయన మాట మార్చాడు.

ఆసుపత్రిలో నాలుగో రోజు నాయన లేచి కూర్చున్నాక ఇదంతా చెప్పాను. గుట్ట మీది కంప సంగతి కూడా, మొదటిసారి. సరిగ్గానే వేసి, తప్పు వేశానని ఇన్నేళ్ళూ నేను పొరపాటు పడ్డానేమో అన్నాను.

నాయన తల అడ్డంగా ఊపాడు.

"పొరపాటు కాదులేమ్మా. నువ్వు తప్పుగానే వేసినావు, నేను చూసినా. మళ్ళీ పోయి మారుస్తామంటే మంద చెదిరిపోతాది. ఆ మాట అంటే నువ్వు ఏడుస్తావని ఊరకుంటి. మీ అమ్మ కంటబడేదాకా నా గుండె యాడ ఉండాదో నాకే తెలీదు."

"మరి ఎవరు మార్చారు నాయనా?"

"నాకేమి తెలుసు? ఆ పొద్దు నుంచీ నన్ను నేనూ అదే అడుగుతానే ఉండా" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మొన్న ఇంకో ఊరి వరస తీసేయమని పని వచ్చింది. ముందు ఆ ఊరికి ఫోన్ చేసి, మిషన్ వెళ్ళిపోయిందా, ఎవరైనా రోగులు వస్తున్నారా అని రెండుసార్లు అడిగాను. ఎవరూ రావడం లేదన్నారు. తీసేశాను. జాబితా చూశాను. వరస పోయింది. అయినా పొద్దు గూకేదాకా ఆ నల్ల కిటికీ మూయలేకపోయాను.