చూసి రాసిన అంకె

అక్కయ్యగారు పోయారని వాళ్లబ్బాయి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి నేటికి నెల దాటింది. "ఆంటీ, అమ్మ ఈజ్ గాన్" అన్నాడు. ఆవిడకి నేను చెప్పాల్సిన మాట ఒకటి అలాగే ఉండిపోయింది. ఇక మీకే చెప్పుకోవాలి.

ఇక్కడ అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లో మా పై ఫ్లాటు ఆవిడది. చుట్టరికమేమీ లేదు. డెబ్భైల చివర నేను కొత్త కాపురానికి వచ్చిన రోజు అన్నం, పప్పు పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ ఇంట్లో తెలుగు ప్రార్థన, ఆ తర్వాత ప్రార్థనకి రాని మాకు కూడా భోజనం.

ఆవిడ ఉద్యోగం స్టేట్ గవర్నమెంట్ ఆఫీసులో. కంపెనీలు వేసే బిల్లుల మీద, ఫీజుల మీద జనం రాసే ఫిర్యాదుల కవర్లు విప్పి, చదివి, ఏ బల్లకి వెళ్లాలో ఆ బల్లకి పంపడం ఆవిడ పని. ఇంటికొచ్చిన బిల్లును కూడా ముందు వెనక్కి తిప్పి, సన్నక్షరాలు చదివేవారు. "ముందువైపు వాళ్లు చెప్పాలనుకున్నది అమ్మాయ్, వెనకవైపు వాళ్లచేత స్టేట్ చెప్పించింది" అనేవారు.

ఆ రోజుల్లో మీటరు రీడింగ్ తీయాల్సిన పైపు గ్యాస్ కంపెనీ మనిషి చలికాలమంతా మా బిల్డింగ్ మొహం చూసేవాడు కాదు. వాడకాన్ని అంచనా కట్టి బిల్లు పంపేవారు. పైగా అందులో మీటర్ రీడింగ్ ఫీజు! మనవాళ్లందరం నోరెత్తకుండా కట్టేవాళ్లం. అక్కయ్యగారికి ఒళ్లు మండేది. నెలాఖరు శనివారం టార్చిలైటు పట్టుకుని మమ్మల్ని బేస్‌మెంట్‌లోకి దింపి మీటరు చూడటం నేర్పారు. ముల్లు రెండంకెల మధ్య ఉంటే చిన్నదే రాయాలి. గోడకి మేకు కొట్టి ఒక అట్ట తగిలించారు. దాని మీద ఫ్లాటు వారీగా మా అంకెలు. "చూసి రాసిన అంకె ఉంటే ఇంక భయమెందుకు?" అనేవారు.

ఒక చలికాలం ఆ ఫీజు మీద స్టేట్ వాళ్లు విచారణ పెట్టారు. "నేనక్కడ పనిచేస్తున్నాను, నేను రాయకూడదు. నువ్వు రాయి" అన్నారు అక్కయ్యగారు నాతో. నాలుగు నెలల అంకెలు వేసి ఫిర్యాదు రాశాను. మా బిల్డింగ్ నుంచి వెళ్లింది అదొక్కటే.

పది రోజులకి ఆ ఫిర్యాదు గురించి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పాపం, ఆ మనిషి మర్యాదగానే మాట్లాడాడు. మా ఆయనే హడలిపోయారు. "గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. గవర్నమెంట్ ఫైల్లో మన పేరెందుకు? విత్‌డ్రా చేసెయ్" అన్నారు. ఫిర్యాదుకీ గ్రీన్‌కార్డుకీ సంబంధమేమిటని పై ఫ్లాటుకి వెళ్లి అడగొచ్చు. అడగలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రెండు లైన్లు రాసి పోస్టు చేశాను. ఆ కవరు విప్పేదెవరో డబ్బాలో వేశాకే తట్టింది.

ఆవిడే విప్పి ఉంటారు. నాతో ఒక్క మాట అనలేదు. ఆ శనివారం సిగ్గుతో నేను బేస్‌మెంట్‌లోకి దిగలేదు. మర్నాడు చూస్తే అట్ట మీద మా ఫ్లాటు అంకె ఆవిడ చేతిరాతలో ఉంది. విచారణలో మా బిల్డింగ్ ఊసే రాలేదు. వేరే ఊళ్లవాళ్లు గట్టిగా నిలబడితే, చూడని మీటరుకి ఫీజు వేయకూడదని స్టేట్ తేల్చింది. ఆ మేలు నేనూ అనుభవించాను.

క్షమించమని అడుగుదామని ఎన్నిసార్లో మెట్లెక్కాను. టీ తాగి దిగొచ్చాను. ఒకసారి ఆవిడే చిక్కుడుకాయలు ఒలుస్తూ, తలెత్తకుండా, "నీ మొదటి ఉత్తరం బాగా రాశావమ్మాయ్" అన్నారు. రెండోదీ చదివానని అంతకంటే మెత్తగా ఎవరు చెప్పగలరు? నేనూ గుప్పెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలెట్టాను.

పోయిన వారం వాళ్లబ్బాయి ఒక బిల్లు తెచ్చాడు. తాళం వేసిన ఫ్లాటుకి అంచనా బిల్లు, మళ్లీ రీడింగ్ ఫీజు. "ఇట్స్ ఓకే ఆంటీ, నేను పే చేసేస్తాను. ఎందుకు ట్రబుల్?" అన్నాడు. అచ్చం ఆనాటి మా మాటే.

"వద్దు నాన్నా. అది ఇలా ఇవ్వు" అన్నాను.

టార్చిలైటు తీసుకుని కిందికి దిగాను. ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు కూడా ఆవిడ తన మీటరు చూసి ఆ అట్ట మీద రాసుకున్నారు. మర్నాడే వాళ్లబ్బాయి వాల్వ్ తిప్పి గ్యాస్ ఆపేశాడు. ముల్లు ఆవిడ రాసిన చోటే ఉంది. ఆ అంకె కిందే అదే అంకె నా చేత్తో రాశాను. కళ్లు మసకబారి రెండుసార్లు చూడాల్సి వచ్చింది.

ఆ రాత్రే ఫిర్యాదు రాసి, మీటరు చూసింది నేనేనని పూర్తి పేరుతో సంతకం పెట్టాను. స్టాంపు మా ఆయనే అంటించారు. జబ్బు పడేదాకా అక్కయ్యగారు పనిచేసిన ఆ బల్ల మీదికే రేపో ఎల్లుండో ఆ కవరు చేరుతుంది. ఎవరో విప్పుతారు. ఆ చేతులు ఆవిడవి కావు.